కెమెరా చూస్తోంది సరే, రికార్డవుతోందా?

దుర్గాపూజ నెలరోజులుందనగా మా బడ్జ్ బడ్జ్‌లో నాకో అదనపు ఉద్యోగం మొదలవుతుంది. పండక్కి ఇంటికి తాళం వేసి ఊరెళ్లేవాళ్లు శాఖలో పని చూసుకున్నాక కాస్త ఆగి, "కెమెరా ఏది పెట్టమంటారు?" అని అడుగుతారు. బ్యాంకువాళ్లు రోజంతా కెమెరాల కిందే కూర్చుంటారు కాబట్టి వాటి గుట్టు తెలిసే ఉంటుందని వాళ్ల లెక్క. అది మరీ తప్పు లెక్కేం కాదు. మా శాఖలో కెమెరాలు, రికార్డరు పనిచేస్తున్నాయో లేదో రోజూ చూసి రిజిస్టరులో సంతకం పెట్టే పని రెండేళ్లుగా నాదే. శాఖలో ఏది ఎక్కడుందో ఇక్కడ రాయను, రాయకూడదు. ఆ పని నేర్పిన సంగతులు మాత్రం ఇంటికీ పనికొస్తాయి. మన బ్యాంకు కుటుంబాల్లో చాలామందిది ఒకటే పరిస్థితి కదా: ఉద్యోగం ఒక రాష్ట్రంలో, తాళం వేసిన ఇల్లు ఇంకో రాష్ట్రంలో, పెద్దవాళ్లు మరోచోట.

ఊరు తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కోల్‌కతాకు నైరుతిన, హుగ్లీ నది తూర్పు గట్టు మీద ఉంటుంది బడ్జ్ బడ్జ్. సియాల్దాలో ఎక్కిన లోకల్ రైలు ఇక్కడితో ఆగిపోతుంది. జూట్ మిల్లులు, చమురు డిపోలు ఉన్న ఊరు. 1914 సెప్టెంబరు 29న కొమగటా మారు ఓడ ప్రయాణికుల మీద కాల్పులు జరిగింది ఇక్కడే. స్టేషను పేరులో ఇప్పుడు ఆ ఓడ పేరు కూడా ఉంది. హుగ్లీ గట్ల వెంట ఉన్న జూట్ మిల్లుల్లో పనికోసం శ్రీకాకుళం, గంజాం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. నన్ను కెమెరా గురించి అడిగేవాళ్లలో వాళ్లూ ఉంటారు.

ఎవరు అడిగినా ముందు నేనొక ఎదురు ప్రశ్న వేస్తాను. "ఎవరైనా వచ్చారా" అన్నది తెలియాలా, "వచ్చింది ఎవరు" అన్నది తెలియాలా? వినడానికి రెండూ ఒకటిగానే ఉంటాయి. కొనాల్సిన కెమెరా, బిగించాల్సిన చోటు మాత్రం వేరువేరు.

మా వీధిలో ఒకాయన మోటారుసైకిలు పోయింది. మొదటి అంతస్తు బాల్కనీలో కెమెరా ఉంది, దొంగతనమంతా రికార్డయింది కూడా. ఒక మనిషి వచ్చాడు, తాళం విరగ్గొట్టాడు, బండి నడిపించుకుంటూ పోయాడు. ఎవరో మాత్రం తెలియలేదు. బండి కెమెరాకు దాదాపు ముప్ఫై అడుగుల దూరంలో ఉంది. అది 2 మెగాపిక్సెల్ కెమెరా, అంటే బొమ్మ వెడల్పు 1920 చుక్కలు. లెన్సు 2.8 మిల్లీమీటర్లది, అది సుమారు 100 డిగ్రీల మేర చూస్తుంది. లెక్క వేస్తే ఆ దూరంలో మనిషి ముఖం వెడల్పుకు దక్కినవి పద్నాలుగు చుక్కలు. పద్నాలుగు చుక్కల్లో కన్నతల్లి కూడా కొడుకును పోల్చుకోలేదు. సినిమాల్లోలాగా దాన్ని పెద్దది చేస్తే పెద్ద చుక్కలు వస్తాయంతే.

దీనికి ఐఈసీ 62676-4 అనే అంతర్జాతీయ ప్రమాణపు 2014 కూర్పులో ఒక కొలత ఉండేది. కెమెరా చూసే చోట మీటరు వెడల్పుకు 25 చుక్కలుంటే మనిషి ఉన్నాడని తెలుస్తుంది. 125 ఉంటే తెలిసినవాళ్లను గుర్తుపట్టవచ్చు. కొత్తవాణ్ని కూడా ఇతనేనని చెప్పాలంటే 250 ఉండాలి. ఈ కొలత ప్రకారం చూస్తే 2.8 లెన్సుతో ముఖం పోల్చుకోగలిగేది పది అడుగుల వరకే. 3.6 లెన్సుతో పదిహేను అడుగులు, 6 లెన్సుతో ఇరవై ఏడు అడుగులు. లెన్సు అంకె పెరిగేకొద్దీ దూరం స్పష్టంగా కనిపిస్తుంది, పక్కలు తగ్గిపోతాయి. దుకాణాల్లో మాత్రం లెన్సు సంగతి ఎవరూ ఎత్తరు, మెగాపిక్సెల్ అంకె చూపించి అమ్ముతారు. 2 బదులు 4 మెగాపిక్సెల్ తీసుకుంటే అదే 2.8 లెన్సుతో పది అడుగులు పద్నాలుగవుతాయి. అంకె రెట్టింపయినా దూరం రెట్టింపు కాదు. చీకట్లో అయితే, అంతే సైజు సెన్సరు మీద ఎక్కువ చుక్కలు ఇరికించిన కెమెరా ఇంకా మసకగా చూపించే అవకాశమూ ఉంది.

కాబట్టి నా సలహా ఇది. ఇల్లంతా కనబడాలని నాలుగు మూలలా నాలుగు కెమెరాలు పెట్టేకంటే, లోపలికి వచ్చేవాడు తప్పనిసరిగా దాటాల్సిన గుమ్మం దగ్గర ఒక కెమెరా, ఏడెనిమిది అడుగుల ఎత్తున, ముఖానికి ఎదురుగా పెట్టండి. పైకప్పుకు ఆనించి పెడితే రికార్డయ్యేది టోపీలు, బట్టతలలు. గుమ్మం అవతల ఎండ పడే చోటయితే వచ్చిన మనిషి నల్లని నీడలా పడతాడు. వెలుగు నీడలను సర్దే డబ్ల్యూడీఆర్ అనే ఏర్పాటు ఉందో లేదో అడిగి తీసుకోండి. వీధి మొత్తం కనబడాలంటే దానికి రెండో కెమెరా.

రాత్రి సంగతి వేరు. కెమెరా చుట్టూ ఉండే చిన్న దీపాలు కంటికి కనబడని పరారుణ కాంతి ఇస్తాయి. పక్కనే తెల్లటి గోడో సన్‌షేడో ఉంటే ఆ కాంతి దానికి తగిలి వెనక్కి వచ్చి బొమ్మంతా పాలపొగలా అయిపోతుంది. నది పక్క ఊళ్లో పురుగులకు కొదవలేదు. వాటి కోసం సాలీడు కెమెరా ముందే గూడు కడుతుంది. రాత్రిపూట ఆ పోగు ఒక్కటి ఊగితే చాలు, ఫోనుకు "మనిషి కదలిక" అని పదిసార్లు కబురొస్తుంది. వారానికోసారి పొడిగుడ్డతో తుడవడమే దీనికి మందు. బయట పెట్టేది ఐపీ66 గానీ ఐపీ67 గానీ రాసి ఉన్నదై ఉండాలి. కేబుల్ అతుకులను గోడకు వదిలేయకుండా చిన్న ప్లాస్టిక్ పెట్టెలో పెట్టించండి. చైత్ర వైశాఖాల్లో ఇక్కడ వచ్చే కాలవైశాఖి గాలివానలకు ముందు పోయేది కెమెరా కాదు, ఆ అతుకే.

ఇక రికార్డరు. పాత పద్ధతి కోయాక్సియల్ కేబుల్‌తో నడిచే డీవీఆర్. కొత్తది నెట్‌వర్క్ కేబుల్‌తో నడిచే ఎన్‌వీఆర్. ఇందులో ఒకే కేబుల్ మీద బొమ్మ, కరెంటు రెండూ వెళ్తాయి, మామూలుగా వంద మీటర్ల వరకు. ఇంట్లో ఇప్పటికే కోయాక్సియల్ వేసి ఉంటే గోడలు పగలగొట్టకండి, డీవీఆర్ చక్కగా సరిపోతుంది. అద్దె ఇంట్లో ఉండి మూడేళ్లకోసారి బదిలీ అయ్యే మనలాంటివాళ్లకు మెమరీ కార్డు పెట్టుకునే వైఫై కెమెరా ఒకటి చాలు. దాని బలహీనత తెలిసి కొనండి: కెమెరాను పీక్కుపోతే కార్డూ దానితోపాటే పోతుంది, కరెంటు పోయి రూటరు ఆగితే ఫోనుకు కబురు రాదు. రూటరుకు, కెమెరాకు కలిపి చిన్న యూపీఎస్ పెడితే రెండో ఇబ్బంది చాలావరకు తీరుతుంది. రికార్డరు ఉన్నవాళ్లు దాన్ని టీవీ పక్కన షోకేసులో పెట్టకండి. దొంగ టీవీ వదిలేసినా దాన్ని వదలడు.

డిస్కు ఎంత కావాలన్నది బ్యాంకు కుటుంబాలకు సులువైన లెక్కే. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాసే కెమెరాకు రోజుకు సుమారు 21.6 జీబీ పడుతుంది. నాలుగు కెమెరాలకు 86 జీబీ. అంటే 1 టెరాబైట్ డిస్కు పదకొండు రోజులకు నిండిపోయి, పాతదాని మీదే కొత్తది రాయడం మొదలుపెడుతుంది. మూడు వారాలు ఊరెళ్లేవాళ్లకు 2 టెరాబైట్లు కావాలి. కంప్యూటరు డిస్కు కాకుండా, రాత్రింబవళ్లు రాస్తూ ఉండటానికి తయారుచేసిన నిఘా డిస్కే అడగండి. పోల్చి చూడాలంటే, లాకర్ల స్ట్రాంగ్‌రూము రాకపోకల రికార్డింగును బ్యాంకులు కనీసం 180 రోజులు దాచాలని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో ఇచ్చిన ఆదేశం, 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఇంటికి అంత అక్కర్లేదు. కానీ దొంగతనం జరిగిన రోజుకూ మీరు తలుపు తీసే రోజుకూ మధ్య ఎంత ఎడం ఉండొచ్చో, అంతకు మించి మాత్రం ఉండాలి.

అసలు సంగతి ఇక్కడే ఉంది. మార్కెట్లో ఒక కిరాణా దుకాణంలో గల్లాపెట్టె పగలగొట్టారు. ఆ దుకాణంలో టీవీ తెర మీద కెమెరా బొమ్మలు రోజంతా కదులుతూనే ఉండేవి. తీరా వెనక్కి తిప్పి చూస్తే రెండు నెలలుగా ఒక్క నిమిషం కూడా రికార్డు కాలేదు. డిస్కు ఎప్పుడో చెడిపోయింది. డిస్కు లేకపోయినా రికార్డరు ప్రత్యక్షంగా బొమ్మ చూపిస్తూనే ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. శాఖలో మేం రోజూ చేసే తనిఖీ అంతా దీనికోసమే. తెర మీద బొమ్మ ఉందా అని కాదు, నిన్న రాత్రి రెండు గంటలప్పటిది తీసి చూపించగలదా అని. ఇంట్లో వారానికోసారి, ఊరెళ్లే ముందురోజు తప్పనిసరిగా, నిన్నటి రికార్డింగు ఒక నిమిషం నడిపి చూడండి. పనిలో పనిగా గడియారం కూడా చూడండి. రికార్డరు టైము నలభై నిమిషాలు తేడాగా ఉంటే పోలీసులకు ఇచ్చే వీడియో మీద అనవసరమైన ప్రశ్నలు లేస్తాయి. సెట్టింగుల్లో ఎన్‌టీపీ అని ఉంటుంది, అది ఆన్ చేస్తే ఇంటర్నెట్ నుంచి టైము తనే దిద్దుకుంటుంది.

ఏదైనా జరిగితే తెరను ఫోనుతో వీడియో తీసి ఊరుకోవద్దు. అసలు ఫైలునే పెన్‌డ్రైవులోకి తీయండి, రికార్డరును అలాగే ఉంచండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు నకలుతోపాటు ధ్రువపత్రం ఇవ్వాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ కూడా ఉండాలి. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఫైలులో ఇసుమంత మారినా అది మారిపోతుంది. ఆ పత్రం ఎలా నింపాలో పోలీసులు చెబుతారు. ఫైలు చెడకుండా చూసుకోవడమే మన వంతు.

పాస్‌వర్డు గురించి చెబితే ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు గానీ, 2016 అక్టోబరు 21న అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి నిలిచిపోవడానికి ఒక కారణం ఇళ్లలోని కెమెరాలు, డీవీఆర్‌లే. కంపెనీ పెట్టిన పాస్‌వర్డు మార్చకుండా వదిలేసిన పరికరాల్లోకి మిరాయ్ అనే వైరస్ దూరి, వాటన్నిటినీ ఒకేసారి దాడికి వాడుకుంది. బిగించడానికి వచ్చిన కుర్రాడు పెట్టిన పాస్‌వర్డును అతను గేటు దాటక ముందే మార్చేయండి. మన దేశంలో కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసిన నిబంధన 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకి వచ్చింది. పెట్టె మీద బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరు లేని చవక సరుకు జోలికి పోవద్దు.

మిల్లు వీధిలో ఒంటరిగా ఉండే ఒక తెలుగు మామ్మ పింఛను కోసం మా శాఖకు వస్తుంది. కొడుకు బెంగళూరులో. ఆమె రాత్రిపూట పడిపోతే ఎవరికీ తెలియదన్న దిగులుతో, ఆమె గదిలోనే కెమెరా పెట్టిస్తానని నాకు ఫోను చేశాడు. మామ్మ ఒక్కమాట అంది: "నా గదిలో కన్నెట్టేస్తే నేను కోక మార్చుకునేదెక్కడ బాబూ?" కొడుకు దిగులూ అబద్ధం కాదు. కానీ బెంగళూరులో నిద్రపోతున్న మనిషి ఫోనులో ఏ బొమ్మ ఉన్నా రాత్రి రెండింటికి చూసేదెవరు? చివరికి వరండాలో గుమ్మం వైపు చూసేలా ఒక కెమెరా, మామ్మ మంచం దగ్గర వైర్‌లెస్ కాలింగ్‌బెల్ బటను పెట్టించాం. బెల్లు పక్కింటి చిత్తరంజన్ లుంగీల దుకాణం వాళ్ల నట్టింట్లో మోగుతుంది. వాళ్లు రెండు నిమిషాల్లో రాగలరు. ఇది మర్యాద సంగతే కాదు, చట్టం సంగతి కూడా. ఒకే ఇంట్లో ఉంటున్న అన్నదమ్ముల తగాదాలో, తోటి నివాసి అనుమతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపడం అతని గోప్యతకు భంగమని కలకత్తా హైకోర్టు 2025లో చెప్పింది. అదే ఏడాది మేలో సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు.

ఆంధ్రలో ఇల్లు తాళం వేసి వచ్చినవాళ్లు కొనేముందు మీ ఊరి పోలీస్‌స్టేషనులో ఎల్‌హెచ్‌ఎంఎస్ ఉందేమో కనుక్కోండి. యాప్‌లో ఊరెళ్లే తేదీలు నమోదు చేస్తే పోలీసులే వచ్చి ఉచితంగా కెమెరా పెడతారు. ఇంట్లో కదలిక కనబడితే కబురు వాళ్లకే వెళ్తుంది.

చివరగా బదిలీ మాట. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కెమెరాను ఇంటి ఓనరుకో తరువాత వచ్చే సహోద్యోగికో ఇచ్చేస్తుంటాం. ఇచ్చేముందు మీ ఫోను యాప్‌లోంచి ఆ కెమెరాను తొలగించండి. లేదంటే చాలా కెమెరాలు కొత్తవాళ్ల ఫోనుకు జత కావు, జత చేసుకోకుండా అలాగే వాడుకుంటే వాళ్ల వాకిలి మీ ఫోనులో కనబడుతూ ఉంటుంది. మెమరీ కార్డు మీ దగ్గరే ఉంచుకోండి, రికార్డరయితే డిస్కు ఫార్మాట్ చేసి, పాస్‌వర్డు రీసెట్ చేసి అప్పగించండి.