విరిగిన క్రేయాన్ ముక్క

ఇక్కడ అమెరికాలో మావాడు ఫస్ట్ గ్రేడ్‌లో చేరిన కొత్తలో టీచర్ పిలిచి చెప్పారు: నాలుగు మాటలు రాసేసరికి చెయ్యి నొప్పంటున్నాడట. నేను కంగారుపడి ఇంట్లో రోజూ రెండు పేజీలు రాయించాను. ఏడుపే మిగిలింది.

ఆవిడ మాత్రం క్లాసులో కార్టూన్ బొమ్మలకు రంగులు వేయించారు. బడికి పంపింది ఇందుకా అనుకున్నాను. కానీ నేను చదివింది బయాలజీయే కదా! మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. ఆరేళ్లకి అవన్నీ పూర్తిగా గట్టిపడవు. వేళ్లని కదిలించే చిన్న కండరాలూ అంతే. బలం రాకముందే రాయమంటే నొప్పి రాదా?

కార్టూన్లే ఎందుకంటే, గీతలు లావుగా ఉంటాయి, తెలిసిన మొహమైతే పిల్లలు ఎక్కువసేపు కూర్చుంటారు. క్రేయాన్‌ని విరిచి అంగుళం ముక్క ఇవ్వమన్నారు. పొడుగుదైతే పిడికిట్లో బిగిస్తారు. ముక్కనైతే మూడు వేళ్లతోనే పట్టుకోవాలి, అచ్చం మన అమ్మలు ముగ్గుపిండి పట్టినట్టు. కాగితం గోడకి అంటిస్తే మణికట్టుకీ, భుజానికీ కూడా పని. గీత దాటితే మాత్రం ఏమీ అనకూడదు (నాకు కష్టమైంది ఇదే).

మేం ఛోటా భీమ్‌తో మొదలెట్టాం. ఒళ్లంతా ఐదు నిమిషాల్లో అయిపోయేది. లడ్డూల దగ్గరే ఆగేవాడు. ఆ చిన్న గుండ్రాల్లోనే వేళ్లకి అసలు కసరత్తు.

నెలలు గడిచినా నొప్పి తగ్గకపోతే ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌తో చూపించమని స్కూల్‌ని రాతపూర్వకంగా అడగండి. పబ్లిక్ స్కూళ్లలో, అర్హత ఉన్న పిల్లలకి ఆ సాయం ఉచితం.

మావాడికి ఆ అవసరం పడలేదు. మొన్న తనంతట తానే 'అ' రాశాడు. మెలిక కాస్త వంకర. దిద్దలేదు నేను.