కుప్పం కెమెరా, మదనపల్లె కొంగు

రేషన్ కార్డుకో బ్యాంకు ఖాతాకో ఫోటో కావాలంటే పల్లెల్లో ఆడవాళ్లు ఆ పూట కూలి మానుకుని, బస్సెక్కి టౌనుకు పోవాల్సిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. స్టూడియోలో ఫోటో తీసేదీ ఎక్కువగా మగవాళ్లే.

కుప్పంలో ఈ లెక్క కాస్త మారింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం, హ్యూలెట్ ప్యాకర్డ్ అనే అమెరికా కంప్యూటర్ కంపెనీ కలిసి అక్కడ 'ఐ-కమ్యూనిటీ' అని మూడేళ్ల పథకం పెట్టాయి. అందులో పొదుపు సంఘాల ఆడవాళ్లు కొందరికి డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, వాటికి కరెంటిచ్చే సోలార్ పలక ఇచ్చి పని నేర్పారు. సరంజామా వెంట తీసుకుని ఊళ్లకు వెళ్లడం, అక్కడికక్కడే ఫోటో తీసి చేతికివ్వడం. గుర్తింపు కార్డులకు కొన్ని, శుభకార్యాలకు కొన్ని. మనూళ్లో మన ఆడపిల్లే ఫోటోగ్రాఫరు!

నాకు ముచ్చటగా అనిపించింది కెమెరా కాదు, ఆ సోలార్ పలక. గ్రైండరు కొనిచ్చి ప్లగ్గు పెట్టించకపోతే అది అటక ఎక్కుతుంది కదా! ఇచ్చినవాళ్లు కరెంటు సంగతి కూడా ఆలోచించారన్నమాట.

ఇప్పుడు అందరి నోటా కృత్రిమ మేధ, అదే ఏఐ. ఇందులో మాయ ఏమీ లేదు. కోట్ల కొద్దీ బొమ్మలు, రాతలు చూపించి యంత్రానికి నేర్పుతారు. ఎక్కువగా చూసింది బాగా చేస్తుంది, చూడనిదాన్ని ఊహించేస్తుంది. మొన్న కుప్పం నుంచి మదనపల్లె పోతూ దారిలో పుంగనూరులో మా ఆడబిడ్డ ఇంట్లో దిగాను. వాళ్లబ్బాయి ఫోన్లో పుంగనూరు ఆవు బొమ్మ వెయ్యమంటే నిలువెత్తు ఆవును వేసింది. మన ఆవు మూడడుగులు కూడా ఉండదు కదా! ఎత్తు చెప్పి మళ్లీ అడిగితే ఈసారి దూడను వేసింది. ఇంటిల్లిపాదీ ఒకటే నవ్వు.

మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మాత్రం నవ్వు రాలేదు. అక్కడివాళ్లది పట్టుచీరల నేత. కొంగుకు కొత్త డిజైను కావాలంటే గ్రాఫు కాగితం మీద గడిగడికీ లెక్కేసి గీసి, దాని ప్రకారం జకార్డు అట్టలకు బెజ్జాలు కొట్టాలి. కంప్యూటరు వచ్చాక శ్రమ తగ్గింది గానీ ఆలోచన మనిషిదే.

"బొమ్మ గీసేదేముందక్కా, అది మగ్గమెక్కాల గదా!" అంది ఒక నేతగత్తె. "మా భయం వేరే. కొంగు ఫోటో బయటికి పోతే ఆ యంత్రం అట్లాంటివి నూరు గీసిస్తాది. మాకేం మిగిలేది?"

న్యాయమైన ప్రశ్నే. బెంగళూరులో కార్య అనే సంస్థ పల్లెవాళ్ల చేత సొంత భాషలో వాక్యాలు చదివించి ఫోన్లో రికార్డు చేయిస్తుంది. యంత్రానికి భాష నేర్పడానికి అవి పనికొస్తాయి. చదివినందుకు డబ్బులిస్తారు, ఆ రికార్డు మళ్లీ అమ్ముడైతే మళ్లీ వాటా ఇస్తారు. మాటకు కూలి ఉన్నప్పుడు బుటాకు ఎందుకుండకూడదు?

అంతవరకూ మన జాగ్రత్త మనది. 2000 నాటి డిజైన్ల చట్టం కింద కొత్త డిజైనును రిజిస్టరు చేయిస్తే 10 ఏళ్లు, పొడిగించుకుంటే మరో 5 ఏళ్లు హక్కు ఉంటుంది. కాకపోతే చీర అంగడికి పోకముందే, ఫోటో ఎవరికీ పంపకముందే దరఖాస్తు పెట్టాలి. ఈ సంగతి మన ఆడవాళ్లలో ఎంతమందికి తెలుసు?

ఆఫీసు కలకత్తాలో ఉందంటే ఆమె "అబ్బో!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆన్‌లైన్‌లోనూ పెట్టుకోవచ్చన్నాను. లోపల డిగ్రీ చదివే కూతురు ఫోను పట్టుకుని బయటికొచ్చింది. "ఫీజెంత పిన్నీ?"