పాత వెర్షన్లకు ఎంతకాలం ఆసరా?

పాఠ్యపుస్తకాలు మారిన ఏడాది బడిలో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. పాత పుస్తకం చదివి పరీక్ష తప్పిన పిల్లల సంగతేమిటి? వారికోసం పాత సిలబస్‌తో పరీక్షలు పెడుతూనే ఉంటే పెట్టేవారికి భారం. చెప్పాపెట్టకుండా ఆపేస్తే పిల్లలకు అన్యాయం. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవారికీ ఇలాంటి చిక్కే ఉంది. ఈరోజు దాని గురించి తెలుసుకుందాం.

ఎవరైనా చదివి, మార్చి, వాడుకునేలా మూలపాఠాన్ని తెరిచి ఉంచిన ప్రోగ్రాములను ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అంటారు. ఇవి సాధారణంగా ఒకదానిమీద ఒకటి ఆధారపడి ఉంటాయి. లెక్కలకు వాడే నంపై అనే లైబ్రరీ పైథాన్ భాష మీద నిలబడింది. పట్టికలకు వాడే పాండాస్ ఆ నంపై మీద నిలబడింది. కింది మెట్టు కదిలితే పై మెట్టూ కదులుతుంది. అందుకే కొత్త విడుదల తెచ్చేటప్పుడు, కింద ఉన్నవాటిలో ఏయే వెర్షన్లతో తమది పనిచేస్తుందని హామీ ఇవ్వాలో ముందుగా తేల్చుకోవాలి.

అన్నింటికీ హామీ ఇస్తే సరిపోదా? ఒక లెక్క చూడండి. 4 పైథాన్ వెర్షన్లు, 3 నంపై వెర్షన్లు. విండోస్, మాక్, లినక్స్ కలిపి 3 వ్యవస్థలు. మొత్తం 36 రకాల పరీక్షలు. ఇంకొక్క పైథాన్ చేరితే 45. ఈ పని చేసేవారిలో చాలామంది జీతం లేకుండా తీరిక వేళల్లో చేసేవారే.

పైథాన్ 3 వెర్షన్ 2008 డిసెంబరులో వచ్చింది. పాత ప్రోగ్రాములు చాలావరకు దానిమీద ఉన్నవి ఉన్నట్టు నడవలేదు. పైథాన్ 2.7కు 2015లో స్వస్తి చెప్పాలనుకున్నా, వాడేవారు మారలేకపోవడంతో 2014లో ఆ గడువును 2020కి పొడిగించారు. అన్నేళ్లూ ఎన్నో లైబ్రరీలు రెండు పడవల మీద కాళ్లు పెట్టి నడిచాయి. నంపైలో 2.7తో పనిచేసిన చివరి వరస 2019 జనవరిలో వచ్చిన 1.16.

ఇప్పుడు శాస్త్రరంగ లైబ్రరీలకు స్పెక్ 0 అనే మార్గదర్శకం ఉంది. పైథాన్ వెర్షన్ వచ్చిన 3 ఏళ్లకు, ముఖ్య లైబ్రరీల వెర్షన్ వచ్చిన 2 ఏళ్లకు, కొత్త విడుదలల్లో వాటికి ఆసరా మానవచ్చు. ఉదాహరణకు పైథాన్ 3.10 వచ్చింది 2021 అక్టోబరులో. 2024 అక్టోబరుతో దాని మూడేళ్లు నిండాయి. క్యాలెండరే చెబుతుంది కాబట్టి విడుదల విడుదలకూ వాదులాట ఉండదు. వాడేవారికీ గడువు ముందే తెలుస్తుంది.

ఆపడానికీ ఒక పద్ధతి ఉంది. చిన్న సవరణ విడుదలలో ఆపకూడదు. కొత్త సదుపాయాలు తెచ్చే విడుదలలోనే ఆపాలి. అంతకుముందు విడుదలలోనే హెచ్చరించాలి. కనీసం ఏ పైథాన్ కావాలో ప్యాకేజీ వివరాల్లో రాయాలి. అది చూసి, 2016లో వచ్చిన 9వ వెర్షన్ మొదలు పిప్ అనే సాధనం, పాత పైథాన్ ఉన్నవారికి దానికి సరిపడే పాత విడుదలనే తెచ్చిపెడుతుంది. అలా పాత కంప్యూటర్ ఒక్కరోజులో మూగబోదు.

అయితే దానికి కొత్త భద్రతా సవరణలు అందవు. విండోస్ 7 మీద పైథాన్ 3.8కి మించి నడవదు, ఆ 3.8కి 2024 అక్టోబరులో మద్దతు ముగిసింది. బడుల్లో కంప్యూటర్ గది చూసుకునేవారు ఇలాంటి తేదీలను పరీక్షల తేదీల పక్కనే రాసిపెట్టుకోవడం మంచిది. ప్రోగ్రాము రాసేవారు గడువు ముందే చెప్పాలి. వాడేవారు ఆ గడువులోగా సర్దుకోవాలి. ఇద్దరూ తమ వంతు చేస్తేనే ఉచితంగా దొరికే ఈ సంపద నిలుస్తుంది.