హిజ్రాలు: శాస్త్రము, చట్టము, ఆరోగ్యము

సంక్రాంతి దినములలో వరంగల్లు చేరువనున్న ఐనవోలు మల్లన్న జాతరకు పోయినవారు శివసత్తులను చూచియే యుందురు. పసుపు పూసుకొని, తలపై బోనమెత్తుకొని, డప్పుల మ్రోతకు శిగమూగుచు వారు గుడి చుట్టు తిరుగుదురు. వారిలో అధికులు స్త్రీలు. మగబిడ్డలుగా పుట్టి స్త్రీలుగా జీవించువారును కొందరు కలరు. ఆ దినమున జనులు వారిచేత నుదుట బండారి పెట్టించుకొని మ్రొక్కుదురు. జాతర ముగిసిన పిమ్మట ఆ వ్యక్తియే పట్టణమునకు వచ్చి అద్దెకు గది అడిగినచో దొరకుట కష్టము. జ్వరము వచ్చి ఆసుపత్రికి పోయినచో, ఆడవారి వరుసలో నిలువవలెనా, మగవారి వరుసలో నిలువవలెనా అను చిక్కు వైద్యుని చూడకమునుపే ఎదురగును.

హిజ్రాలకు రోగములెక్కువ యని లోకమున ఒక మాట కలదు. అందుకు కారణము వారి స్వభావమేయని పలువురు తలంచుచున్నారు. శాస్త్రమును, మన ప్రాంతపు చరిత్రయును వేరొక కారణమును చూపుచున్నవి. దానిని క్రమముగా పరిశీలింతము.

మూడు వేర్వేరు విషయములు

మొదటిది శరీరము. గర్భస్థ పిండమున సుమారు ఆరు వారములవరకు బీజగ్రంథులు ఆడ, మగ అను భేదము లేక ఒకే తీరున నుండును. వై క్రోమోజోముపై ఎస్‌.ఆర్‌.వై. అను జన్యువు కలదు. దీనిని 1990లో గుర్తించిరి. ఇది పనిచేసినచో ఆ గ్రంథులు సాధారణముగా వృషణములగును, లేనిచో అండాశయములగును. ఈ వరుసలో ఎచ్చటనైన మార్పు కలుగవచ్చును. ఉదాహరణకు, ఎక్స్, వై క్రోమోజోములు రెండును ఉన్నను, కణములు పురుష హార్మోనును ఏమాత్రమును గ్రహింపలేనిచో ఆ బిడ్డ ఆడపిల్ల రూపముననే పుట్టును. కనుక ఆడ, మగ అను విభజనలో ఇమడని శరీరములు ప్రకృతిలోనే కలవు.

రెండవది లింగభావన, అనగా నేను స్త్రీని, నేను పురుషుడను అని మనిషి తన్నుగూర్చి తానెరుగుట. పుట్టినప్పుడు నమోదైన లింగమునకు ఈ భావన భిన్నముగా నున్నవారిని ట్రాన్స్‌జెండర్ వ్యక్తులందురు. మన దేశమున హిజ్రా సంఘములలో జీవించువారిలో అధికులు ఇట్టివారే. మూడవది ఆకర్షణ, అనగా మనస్సు ఎవరిమీదికి పోవునో అది. స్వలింగమునందు ఆకర్షణ కలవారందరు హిజ్రాలు కారు. ఈ మూడింటిని కలగాపులగము చేయుటవలననే మన మాటలలో పెక్కు పొరపాట్లు దొరలుచున్నవి.

ఇవి రోగములా? కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఆకర్షణను రోగముల పట్టికనుండి 1990లో తొలగించినది. ట్రాన్స్‌జెండర్ స్థితిని మానసిక వ్యాధుల అధ్యాయమునుండి తీసివేసిన క్రొత్త పట్టిక 2019లో ఆమోదమొంది 2022 జనవరి 1నుండి అమలులోనికి వచ్చినది. మందులతోనో భయపెట్టియో వీరి స్వభావమును మార్చబూనుట వైద్యులకు వృత్తిదోషమని మన జాతీయ వైద్య కమిషను 2022లో ప్రకటించెను.

వేషమును శిక్షించిన చట్టము

ఇక చరిత్ర. 1871లో బ్రిటిషు ప్రభుత్వము చేసిన నేరస్థ తెగల చట్టమున హిజ్రాలకొరకు ఒక భాగమును చేర్చిరి. నిజాం రాజ్యమునను 1329 ఫసలీలో, అనగా 1919లో, అట్టి చట్టమే వచ్చెను. అది హిజ్రాలను నపుంసకులని పేర్కొనెను. బాలురను అపహరించుదురని అనుమానము కలిగినవారి పేర్లు ఒక పట్టికలో వ్రాసి యుంచవలెను. పట్టికకెక్కిన మనిషి చీరతోనో నగలతోనో వీధిలో కనబడినను, బహిరంగముగా ఆడి పాడినను వారంటు లేకయే నిర్బంధింపవచ్చును. రెండేండ్లవరకు కారాగారమునో, జరిమానానో, ఆ రెండింటినో విధింపవచ్చును. అపహరణము రుజువు కానక్కరలేదు. చీర కనబడిన చాలును.

నిజాం పాలన పోయినను, రాజ్యాంగము వచ్చినను, రాష్ట్రములు మారినను ఈ చట్టము పుస్తకములో నిలిచియేయుండెను. వైజయంతి వసంత మొగ్లి మొదలగువారు 2018లో దీనిపై హైకోర్టునకు పోయిరి. 2023 జూలై 6న ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కర్ రెడ్డి గార్ల ధర్మాసనము ఈ చట్టము రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసెను. విద్యాలయములలోను, ప్రభుత్వోద్యోగములలోను ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు రిజర్వేషను కల్పింపుమని, ఆసరా పింఛను ఇమ్మని రాష్ట్ర ప్రభుత్వమును ఆదేశించెను. దీనికి ముందే, 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు వారి లింగభావనను గుర్తించి తీర్పు చెప్పెను. పెద్దలు పరస్పర సమ్మతితో ఏర్పరచుకొను స్వలింగ సంబంధము నేరము కాదని అదే కోర్టు 2018 సెప్టెంబరు 6న చెప్పెను.

1919 నాటి పట్టిక కాపలాకొరకు వ్రాసినది. 2011 జనాభా లెక్కలలో స్త్రీ, పురుషులుగాక ‘ఇతరులు’ అను గడిని మొదటిసారి చేర్చిరి. ఆ గడిలో దేశమున 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 43,769 మంది నమోదైరి. పోలీసు పట్టికకు భయపడినవారు ఈ లెక్కకును వెంటనే ముందుకు రారు. లెక్కకు రానివారికి వైద్యమును అందదు. చట్టమునకు, ఆరోగ్యమునకు గల సంబంధము ఇచ్చటనే మొదలగుచున్నది.

రోగము ఎట్లు వచ్చుచున్నది?

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 పరిశీలనలో హెచ్‌.ఐ.వి. దేశమందలి వయోజనులలో సుమారు 0.2 శాతము, హిజ్రా, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులలో సుమారు 3.8 శాతము కనబడెను. క్రిమికి మనిషి లింగభావన తెలియదు. ఇల్లు వెడలగొట్టుటచే బడి మానవలసి వచ్చును. చదువు లేక పని దొరకదు. పని లేక భిక్షకో, లైంగిక వృత్తికో దిగవలసి వచ్చును. అచ్చట రక్షణ లేని సంపర్కమువలన క్రిమి ప్రవేశించును. ఆసుపత్రిలో అవమానమునకు వెరచి పరీక్షకు పోనందున రోగము ముదిరిన పిదప బయటపడును. సకాలమున మందులు మొదలిడి విడువక వాడినచో రక్తములో క్రిమి పరీక్షకు సైతము అందనంతగా తగ్గును. అట్టి స్థితి నిలిచియున్నంతకాలము సంపర్కముద్వారా ఇతరులకు సోకదు.

హార్మోనుల విషయమును ఇట్టిదే. వైద్యుడు చూచి, రక్తపరీక్షలు చేసి, తగిన మోతాదులో ఇచ్చిన హార్మోనులు పెక్కుమందికి మేలు చేయుచున్నవి. వైద్యుని దగ్గరకు పోజాలనివారు దుకాణములో గర్భనిరోధక మాత్రలు కొని మోతాదు మించి మ్రింగుచున్నారు. అందలి ఈస్ట్రోజెను రక్తము గడ్డకట్టు గుణమును పెంచును. కాలి సిరలో ఏర్పడిన గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరినచో ప్రాణాపాయము.

2022 ఫిబ్రవరిలో నెల్లూరులోని ఒక లాడ్జిలో ఇద్దరు ఫార్మసీ విద్యార్థులు ఒక వ్యక్తికి లింగమార్పిడి శస్త్రచికిత్స చేయబూనిరి. ఆ వ్యక్తి మరణించెను. శస్త్రచికిత్సకు తగిన వైద్యుడు, రక్తనిధి, మత్తు నిపుణుడు ఉండవలెనని ఎవరికి తెలియదు? ఆసుపత్రి ద్వారము మూసియున్నదని తోచినవారే ఇట్టి గదుల తలుపు తట్టుదురు. ప్రభుత్వములు ఈ శస్త్రచికిత్సకు, హార్మోను చికిత్సకు వసతి కల్పింపవలెనని 2019లో పార్లమెంటు చట్టము చేసినది ఇందుకే.

ద్వారము తెరచిన చోట మార్పు కనబడినది. 2021లో హైదరాబాదున ‘మిత్ర్’ అను చికిత్సాలయము తెరచిరి. అందు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులే సిబ్బందిగా నుండుటచే రోగులు జంకు లేక వచ్చిరి. అమెరికా ధనసహాయము నిలిచిపోవుటతో 2025 ఆరంభమున అది మూతపడెను. అదే సంవత్సరము స్వదేశీ సహాయముతో ‘సబ్‌రంగ్’ అను పేర తిరిగి తెరచిరి. 2022 నవంబరులో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అను ఇద్దరు ట్రాన్స్‌జెండర్ వైద్యులు ఉస్మానియా ఆసుపత్రిలో ఉద్యోగమున చేరిరి. ఏ వరుసలో నిలువవలెనో తెలియని రోగికి బల్లకు ఆవల తనవంటి వైద్యురాలు కనబడుట సామాన్య విషయము కాదు.

ఉపాధ్యాయులు చేయదగినది

ఈ గొలుసులో మొదటి కొక్కెము తరచుగా తరగతి గదిలోనే ఊడిపోవుచున్నది. నడకనో గొంతునో ఎగతాళి చేయుటచే పిల్లవాడు ఎనిమిదవ, తొమ్మిదవ తరగతిలోనే బడి మానవచ్చును. ‘కొజ్జా’, ‘మాడా’ అను మాటలు వినబడినప్పుడు ఉపాధ్యాయుడు నవ్వి ఊరకుండరాదు, అప్పటికప్పుడే ఆపవలెను. విద్యార్థి తనను గూర్చి రహస్యముగా చెప్పుకొన్నది, అతని అనుమతి లేక ఇంటివారికి చేరవేయరాదు. క్రోమోజోముల పాఠము చెప్పునప్పుడు పైన చెప్పిన మినహాయింపులనుగూడ చెప్పవలెను. పదవ తరగతి పూర్తిచేసిన ప్రతి విద్యార్థికి ఒక పని, ఒక గది, ఒక వైద్యుడు దొరకు అవకాశము పెరుగును. ఇందుకు వేరే నిధులు అక్కరలేదు.