ఫార్మాట్ కొట్టేముందు

ఎమ్మిగనూరులో ఏ జిరాక్స్ షాపు సిస్టమ్ తెరిచినా సగం ఊరు కనిపిస్తుంది. ఈఏపీసెట్ దరఖాస్తు కోసం స్కాన్ చేసిన పదో తరగతి మార్కుల జాబితాలు, మిరప కోతలకు గుంటూరు వైపు వలసపోయే కుటుంబాల ఆధార్ కార్డులు, పట్టాదారు పాసు పుస్తకాలు, నీలకంఠేశ్వరస్వామి జాతర ఫ్లెక్సీలు, పెళ్లి పత్రికలు, ఆదోని యార్డులో పత్తి అమ్మిన రైతుల బిల్లులు. సిస్టమ్ ఒకటే, కూర్చునేవాళ్లు ముగ్గురు. ఓనరుకొక అకౌంట్, పొద్దున వచ్చే కుర్రాడికొకటి, సాయంత్రం వచ్చే అమ్మాయికొకటి. ఒకరోజు అందులో ఒక అకౌంట్ తెరుచుకోదు. పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టినా ‘వెల్‌కమ్’ దగ్గర చుక్కలు గిరగిర తిరుగుతూ ఉంటాయి. లేదంటే నల్లటి తెర మీద బాణం గుర్తొక్కటే మిగులుతుంది.

రిపేరు కుర్రాడికి ఫోన్ వెళుతుంది. అతను వచ్చి చూసి, చాలాసార్లు ఒకే మాట అంటాడు: “విండోస్ పోయిందన్నా, ఫార్మాట్ కొట్టేద్దాం.”

ఈ కథనం ఆ మాటను కాసేపు ఆపడానికే. నా గట్టి అభిప్రాయం ఏమిటంటే, మన ఊళ్లలో ఫైళ్లను పోగొట్టేది పాడైన అకౌంట్ కాదు, దాని తర్వాత తొందరపడి కొట్టే ఫార్మాట్. అకౌంట్ తెరుచుకోనంత మాత్రాన ఫైళ్లు పోవు. తలుపు బిగుసుకుపోయిన గదిలో సామాను ఎక్కడిదక్కడే ఉన్నట్టు, అవి డిస్కు మీదే ఉంటాయి. “డి డ్రైవ్‌లోవి ఉంటాయిలే, సి మాత్రమే కొడతా” అని కుర్రాడు ధైర్యం చెబుతాడు. కానీ డెస్క్‌టాప్ మీద పెట్టినవి ఉండేది ఆ సి డ్రైవ్‌లోనే. వాట్సాప్‌లో కస్టమర్లు పంపినవి చేరే డౌన్‌లోడ్స్ కూడా అక్కడే. షాపు బతుకంతా ఆ రెండు చోట్లే ఉంటుంది.

అసలు అకౌంట్ ఎందుకు మొరాయిస్తుంది? ప్రతి వాడకందారుకూ విండోస్ ఒక ఫోల్డర్ కేటాయిస్తుంది. అందులో ఎన్‌టీయూజర్ డాట్ డ్యాట్ (NTUSER.DAT) అనే దాచిన ఫైల్ ఒకటి ఉంటుంది. ఆ మనిషి సెట్టింగులన్నీ అందులోనే. సిస్టమ్ నడుస్తుండగా కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ కూడా చచ్చి ఉంటే ఆ ఫైల్ సగం రాతలో తెగిపోవచ్చు. 128 జీబీ ఎస్‌ఎస్‌డీ మొత్తం నిండిపోయినా ఇలాంటి తిప్పలే. అప్పుడు విండోస్ ఒక్కోసారి తాత్కాలిక ప్రొఫైల్‌తో తెరుచుకుంటుంది. డెస్క్‌టాప్ ఖాళీగా కనిపించేసరికి గుండె గుభేలుమంటుంది. పాత ఫైళ్లకేమీ కాలేదు, అవి పాత ఫోల్డర్‌లోనే ఉన్నాయి. కానీ ఆ ఖాళీ డెస్క్‌టాప్ మీద ఆ రోజు కొత్తగా చేసిన పని, సైన్ అవుట్ కాగానే పోతుంది. అక్కడ ఏదీ సేవ్ చేయకండి.

ఒక యంత్రాన్ని పదిమంది పంచుకోవడం నుంచే ఈ అకౌంట్ల పద్ధతి పుట్టింది. అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం 1961లో ఒకే పెద్ద కంప్యూటర్‌ను ఎందరో ఏకకాలంలో వాడుకునే ఏర్పాటు చేసి చూపింది. ఎవరి ఫైళ్లు వారికే ఉండాలని పాస్‌వర్డులు పెట్టింది. 1962లో అక్కడి పరిశోధక విద్యార్థి అలన్ షెర్, తనకిచ్చిన కంప్యూటర్ సమయం చాలక, పాస్‌వర్డుల ఫైల్‌నే ప్రింటు తీయించుకున్నాడు. పాస్‌వర్డ్ వేరు, డిస్కు మీది ఫైల్ వేరు అన్న సంగతి ఆ తొలినాళ్లలోనే తేలిపోయింది.

ఆ తేడాయే ఇప్పుడు మనకు దారి. అదే సిస్టమ్‌లో అడ్మిన్ అధికారం ఉన్న ఇంకో అకౌంట్ ఉంటే అందులోకి వెళ్లి, సి డ్రైవ్‌లో ‘యూజర్స్’ ఫోల్డర్ తెరవాలి. మొరాయించిన అకౌంట్ ఫోల్డర్ మీద నొక్కితే అనుమతి లేదంటుంది, ‘కంటిన్యూ’ నొక్కితే సాధారణంగా దారి ఇస్తుంది. ఫోల్డర్ పేరు అకౌంట్ పేరులాగే ఉండాలని లేదు. మైక్రోసాఫ్ట్ ఈమెయిల్‌తో తెరిచిన అకౌంటైతే ఆ మెయిల్‌లోని మొదటి అయిదు అక్షరాలే పేరుగా ఉండొచ్చు. లోపలి ఫైళ్లను చూసి పోల్చుకోవాలి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ అన్నిటినీ బయటి డిస్కులోకి కాపీ చేయాలి, కట్ చేయొద్దు. డెస్క్‌టాప్ ఖాళీగా ఉంటే వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపల ఇంకో డెస్క్‌టాప్ ఉందేమో చూడాలి. దాచిన యాప్‌డేటా ఫోల్డర్‌ను వదలొద్దు, బ్రౌజర్ బుక్‌మార్కులు అందులోనే ఉంటాయి.

కాపీ పూర్తయ్యేదాకా ఆ అకౌంట్ పాస్‌వర్డ్‌ను అడ్మిన్ నుంచి బలవంతంగా మార్చకపోవడమే మేలు. విండోస్ సొంత పద్ధతిలో తాళం వేసిన ఫైళ్లేమైనా ఉంటే, అలా మార్చాక అవి తెరుచుకోకుండా పోవచ్చు.

ఇంకో అకౌంటే లేకపోతే? ఉచితంగా దొరికే ఉబుంటు లేదా లినక్స్ మింట్‌ను వేరే సిస్టమ్‌లో పెన్‌డ్రైవ్ మీదకు ఎక్కించి, దాంతో ఈ సిస్టమ్‌ను ఆన్ చేయొచ్చు. ఇన్‌స్టాల్ చేయకుండా ‘ట్రై’ ఎంచుకుంటే చాలు. విండోస్ పాస్‌వర్డ్‌తో పనిలేకుండా ఫోల్డర్లు కనిపిస్తాయి. అదీ కుదరకపోతే డిస్కు ఊడదీసి, సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో ఇంకో కంప్యూటర్‌కు తగిలించాలి.

పెన్‌డ్రైవ్ దారినీ, డిస్కు ఊడదీసే దారినీ మూసేది విండోస్‌లోని బిట్‌లాకర్. డిస్కు మొత్తాన్ని సంకేత భాషలోకి మార్చేస్తుంది కనుక, 48 అంకెల రికవరీ కీ లేనిదే ఏ లినక్సూ ఏమీ చేయలేదు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, చాలా సిస్టమ్‌లలో ఈ తాళం దానంతటదే పడుతుంది. కీ ఆ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచి ఉంటుంది. అమ్మినవాడు తన ఈమెయిల్‌తో సెట్ చేసి ఇచ్చి ఉంటే కీ అతని దగ్గరే ఉన్నట్టు. కొత్త సిస్టమ్ కొన్నవాళ్లు ఈ వారమే చూసుకోవాల్సిన విషయమిది.

పాత హార్డ్ డిస్కు టిక్ టిక్ మని కొట్టుకుంటుంటే మాత్రం పై ప్రయత్నాలేవీ వద్దు. వెంటనే కరెంటు తీసేసి నిపుణుల దగ్గరకు పంపాలి. బాగానే ఉన్న హార్డ్ డిస్కులోనైతే, పొరపాటున చెరిపేసిన ఫైల్ మీద ఇంకేమీ రాయనంత వరకు దాన్ని తిరిగి తీసే అవకాశం ఉంటుంది. ఎస్‌ఎస్‌డీలో ఆ అవకాశం చాలా తక్కువ, చెరిపిన చోటును అది తనంతట తానే శుభ్రం చేసుకుంటుంది.

తెలుగు డీటీపీ షాపులకు ఇంకో బాధ ఉంది. అడోబ్ 2001లో పేజ్‌మేకర్ 7 తెచ్చింది. ఆ తర్వాత కొత్త వెర్షన్ రాలేదు. అయినా మన పెళ్లి పత్రికలు, కరపత్రాలు ఇంకా అందులోనే, అను ఫాంట్లలో తయారవుతున్నాయి. ఇవి యూనికోడ్ కావు. ఫైల్‌ను భద్రంగా కాపాడుకున్నా, ఆ ఫాంట్లు లేని కొత్త సిస్టమ్‌లో తెరిస్తే తెలుగు స్థానంలో అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఇరవయ్యేళ్ల మ్యాటర్ పోయిందని ఏడవనక్కర్లేదు, విండోస్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్‌ను కూడా కాపీ చేసి ఉంచుకుంటే చాలు.

మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టిన ఊరు ఎమ్మిగనూరు. సంఘమంటే లెక్కల పుస్తకం అందరిదీ, గుమాస్తా మారినా పుస్తకం బల్ల మీదే ఉంటుంది. షాపు సిస్టమ్‌కు ఆ ఏర్పాటు లేదు. ఆపరేటర్ మంచి జీతం దొరికి బెంగళూరు బస్సెక్కితే పాస్‌వర్డ్ అతనితోపాటే వెళుతుంది. అప్పుడు పై పద్ధతులతో అతని ఫోల్డర్ తెరవడం తేలికే, కానీ అందులో ఏముందో గుర్తుంచుకోవాలి. అతని సొంత ఫొటోలు ఉండొచ్చు, పరాయివాళ్ల ఆధార్లు తప్పకుండా ఉంటాయి. కంప్యూటర్ యజమాని అనుమతి లేకుండా అందులోని సమాచారం తీయడాన్ని 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ తప్పుబడుతుంది. దురుద్దేశం ఉంటే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. యజమాని దగ్గరుండి, వీలైతే పాత ఆపరేటర్‌కు ఫోన్‌లో చెప్పి, షాపు ఫైళ్లు మాత్రమే తీయడం మర్యాద. రిపేరుకు ఇచ్చిన డిస్కులోని ఆధార్ కాపీలు రిపేరు షాపులో ఇంకో కాపీగా మిగిలిపోకుండా అక్కడే నిలబడి చెరిపించాలి. వలసపోయిన కుటుంబానికి తన కార్డు ఎన్ని చోట్ల ఉందో తెలిసే దారి లేదు, వాళ్ల తరఫున ఆ జాగ్రత్త షాపు యజమానే తీసుకోవాలి.

ఇంతకీ అకౌంట్లన్నీ బాగా తెరుచుకుంటున్న ఈ రోజే చేయదగ్గ పని పది నిమిషాలది. అడ్మిన్ అధికారంతో రెండో అకౌంట్ ఒకటి తెరిచి, దాని పాస్‌వర్డ్‌ను, బిట్‌లాకర్ ఉంటే ఆ 48 అంకెలను కాగితం మీద రాసి, షాపు లైసెన్సు పెట్టే బీరువాలో పెట్టాలి. డెస్క్‌టాప్ మీద పేరుకున్నవాటిని వారానికోసారి బయటి డిస్కులోకి కాపీ చేసి, ఆ డిస్కును సిస్టమ్ నుంచి తీసి పక్కన ఉంచాలి.