పిల్లికూతల లెక్క: ఆక్లండ్ డాక్టర్ పరిశోధనకూ మన అద్దె ఇంటికీ ఏంటి సంబంధం?

చలికాలం వచ్చిందంటే మౌంట్ ఆల్బర్ట్‌లోని పాత చెక్క ఇళ్లలో అద్దెకుండే మనవాళ్లకు ఈ కష్టం తెలిసిందే. పొద్దున్నే కిటికీ అద్దాల మీద నీళ్లు కారుతుంటాయి. బెడ్‌రూమ్ మూలల్లో నల్లగా బూజు పడుతుంది. రాత్రిపూట పిల్లలకు దగ్గు, ఛాతీలో పిల్లికూతలు. "ఊళ్లో లేని ఆయాసం ఇక్కడికొచ్చాక ఎందుకొచ్చింది?" అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఒక దేశంలో ఉబ్బసం ఎక్కువ, ఇంకో దేశంలో తక్కువ ఎందుకుందన్న ప్రశ్న మీదే ఏళ్ల తరబడి పనిచేశారు ఆక్లండ్ యూనివర్సిటీ ప్రొఫెసర్, పిల్లల ఊపిరితిత్తుల డాక్టర్ ఇన్నెస్ ఆషర్.

ఆమె ఏం చేశారు?

1991లో 'ఐజాక్' అనే అంతర్జాతీయ అధ్యయనం మొదలైంది. దానికి నాయకత్వం వహించినవారిలో ఆషర్ ముఖ్యులు. అప్పటిదాకా ఒక్కో దేశం ఉబ్బసాన్ని ఒక్కో పద్ధతిలో లెక్కపెట్టేది. అలాంటప్పుడు ఒక దేశాన్ని ఇంకో దేశంతో పోల్చలేం. అందుకని అన్ని దేశాల పిల్లలకూ ఒకే ప్రశ్నలు వేశారు. అందులో అసలు ప్రశ్న చాలా సింపుల్: గడిచిన 12 నెలల్లో ఛాతీలో పిల్లికూతలు వచ్చాయా? మనకు 'పిల్లికూతలు' అనే చక్కటి మాట ఉంది గానీ, చాలా భాషల్లో దానికి సరైన మాట దొరకదు. దానికోసం ఆయాసపడుతున్న మనిషిని వీడియోలో చూపించి, "నీకెప్పుడైనా ఇలా అయ్యిందా?" అని కూడా అడిగారు.

మొదటి దశ ఫలితాలు 1998లో 'లాన్సెట్' పత్రికలో వచ్చాయి. 56 దేశాలు, 155 కేంద్రాలు, 13–14 ఏళ్ల పిల్లలు 4,63,801 మంది. పిల్లికూతలు ఎక్కువగా కనిపించిన దేశాల్లో బ్రిటన్, ఆస్ట్రేలియా, ఐర్లాండ్‌తో పాటు న్యూజిలాండ్ కూడా ఉంది. తక్కువగా ఉన్న దేశాల్లో ఇండియా ఒకటి. అలాగని ఇండియాలో ఈ జబ్బుతో ప్రమాదం లేదనుకోవద్దు. ఇన్హేలర్లు అందని చోట తక్కువ మందికొచ్చినా ప్రాణం మీదకు వస్తుంది. ఐజాక్ పని ముగిశాక 2012లో మొదలైన గ్లోబల్ ఆస్తమా నెట్‌వర్క్ అందరికీ మందులు అందాలన్న విషయం మీద కూడా పనిచేస్తోంది.

సైటేషన్ అంటే?

ఒక శాస్త్రవేత్త తన పేపర్లో "ఫలానా వాళ్లు ముందే ఇది చూపించారు" అని ఇంకొకరి పేపర్ పేరు రాస్తే, అది ఒక సైటేషన్. ఐజాక్ పేపర్లను ఇలా వేలసార్లు పేర్కొన్నారు. 'హెచ్-ఇండెక్స్' అనే ఇంకో లెక్క కూడా ఉంది. హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త 2005లో దీన్ని ప్రతిపాదించారు. ఒకరు రాసిన వాటిలో 20 పేపర్లను, ఒక్కోదాన్ని కనీసం 20 సార్లు, వేరేవాళ్లు పేర్కొంటే ఆయన హెచ్-ఇండెక్స్ 20.

ఈ అంకెలు పూర్తి కథ చెప్పవు. తప్పని చెప్పడానికి పేర్కొన్నా అది సైటేషన్ కిందే లెక్క. పైగా 1998 పేపర్ ఒక్క మనిషి పేరు మీద రాలేదు, ఐజాక్ కమిటీ పేరు మీద వచ్చింది. బిల్డింగ్ ఒక్క మేస్త్రీతో లేవదు కదా, ఇదీ అంతే. ప్రశ్నపత్రాలు పట్టుకుని స్కూళ్లకు తిరిగినవాళ్లు ఎందరో.

పేపర్ నుంచి ఇంటి గోడ దాకా

దేశానికీ దేశానికీ ఇంత తేడా ఉందంటే ఉబ్బసం ఒక్క వంశపారంపర్యం వల్లే వస్తుందనలేం. చుట్టూ ఉన్న గాలి, ఇల్లు, బతుకు పరిస్థితులు కూడా చూడాలి. న్యూజిలాండ్‌లో ఇళ్ల సంగతి పరీక్షించింది ఫిలిప్పా హౌడెన్-చాప్‌మన్ బృందం. 1,350 ఇళ్లతో చేసిన వాళ్ల అధ్యయనం 2007లో వచ్చింది. చలి లోపలికి రాకుండా ఇన్సులేషన్ వేసిన ఇళ్లలో పిల్లికూతలు తగ్గాయి. పిల్లలు బడి మానడం, పెద్దలు పని మానడం కూడా తగ్గింది. రోజు కూలీ పోతే ఇల్లు గడవని కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

2009లో ప్రభుత్వం ఇళ్ల ఇన్సులేషన్‌కు సబ్సిడీ పథకం పెట్టింది. 2017లో హెల్తీ హోమ్స్ చట్టం వచ్చింది. 2025 జులై 1 నుంచి ప్రైవేటు అద్దె ఇళ్లన్నీ ఆ ప్రమాణాలు పాటించాలి.

మీ ఇంట్లో చూసుకోండి

• హాల్‌ను 18 డిగ్రీల దాకా వేడి చేయగల, గోడకో నేలకో బిగించిన హీటర్ ఉండాలి.
• వంటింట్లో, బాత్‌రూమ్‌లో తేమను బయటికి పంపే ఫ్యాన్ ఉండాలి.
• ఇన్సులేషన్ ఉండాలి. చలిగాలి దూరే సందులు మూసి ఉండాలి.
• ప్రమాణాల వివరాలు రాసిన కాగితం అద్దె అగ్రిమెంట్‌లో ఉండాలి. కంపెనీ ఇచ్చిన ఇల్లైనా ఇది వర్తిస్తుంది.

ఇవి లేకపోతే ఓనర్‌కు రాతపూర్వకంగా చెప్పండి. ఫొటోలు తీసి పెట్టుకోండి. సలహా కోసం టెనెన్సీ సర్వీసెస్ నంబర్ 0800 836 262. ఫిర్యాదు చేశారన్న కోపంతో ఇల్లు ఖాళీ చేయించడం చట్టవిరుద్ధం.

పిల్లలకు ఆయాసం మాటిమాటికీ వస్తుంటే డాక్టర్‌కు చూపించండి. ఇన్హేలర్ మీ అంతట మీరు మానేయొద్దు. హెల్త్‌లైన్ నంబర్ 0800 611 116, ఏ టైములోనైనా ఫోన్ చేయొచ్చు. ఊపిరాడక మాట కూడా రాకపోతే ఆలస్యం చేయకుండా 111కు కొట్టండి.