క్లచ్ తొక్కితేనే పనిచేసే బుష్

పాత జీపులోంచి పెట్రోల్ ఇంజిన్ దించి డీజిల్ ఇంజిన్ ఎక్కించడం షెడ్డు మెకానిక్కులు కనిపెట్టిన విద్యేమీ కాదు. బండి చేసిన మహీంద్రా కంపెనీయే ఆ పని చేసింది. విల్లీస్ నుంచి వచ్చిన 2199 సి.సి. పెట్రోల్ ఇంజిన్ ఉండే చోట, ప్యూజో లైసెన్సుతో తయారైన 2112 సి.సి. డీజిల్ ఇంజిన్ పెట్టి జీపులు అమ్మింది. కంపెనీకైతే డ్రాయింగులున్నాయి, ఫౌండ్రీ ఉంది, కొలతలకు విడిగా ఒక గది ఉంది. 2016లో మండల కేంద్రమైన సిర్గాపూర్‌లో ఒకాయన తన జీపుకు అదే పని చేయించాలనుకుంటే సంగతి వేరు. ఇంజిన్ పాత సామాను కొట్లో దొరుకుతుంది, గేర్‌బాక్స్ బండిలోనే ఉంది. ఆ రెండింటినీ కలిపే ముక్క మాత్రం నారాయణఖేడ్‌లో అడిగినా, జహీరాబాద్ పోయి అడిగినా ఎవరూ అమ్మరు. లేత్ మీద చేయించుకోవాల్సిందే.

అలా చేయించే వాటిలో పెద్దది అడాప్టర్ ప్లేటు. చూడవచ్చిన వాళ్లందరి కళ్లూ దాని మీదే ఉంటాయి. నా లెక్కలో అసలు పరీక్ష బొటనవేలి లావున ఉండే పైలట్ బుష్‌ది.

క్రాంక్ షాఫ్ట్ వెనక చివర, సరిగ్గా నడిమధ్యలో, ఒక గుంట ఉంటుంది. అందులో ఈ బుష్ బిగుతుగా కూర్చుంటుంది. గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్ట్ ముక్కు బుష్ రంధ్రంలో ఆనుతుంది. క్లచ్ పట్టి ఉన్నంతసేపూ ఇంజినూ ఆ షాఫ్టూ కలిసే తిరుగుతాయి కాబట్టి బుష్‌లో రాపిడే ఉండదు. పెడల్ తొక్కినప్పుడే ఇంజిన్ తిరుగుతుంటుంది, గేరులో ఉన్న షాఫ్ట్ వెనకబడుతుంది, లేదా ఆగుతుంది. బుష్ అరిగేది ఆ కాసేపే. సిగ్నల్ దగ్గర గేరు వేసి పెడల్ మీద కాలు తీయని డ్రైవర్లు ఈ బుష్‌ను ఊరికే తినేస్తుంటారు.

ఇంజిన్ ఒక కంపెనీది, గేర్‌బాక్స్ మరొకదానిది అయినప్పుడు గుంట కొలత ఒకటి, షాఫ్ట్ ముక్కు కొలత మరొకటి. ఉదాహరణకు గుంట 25 మి.మీ., ముక్కు 15 మి.మీ. అనుకుందాం. బయటి చుట్టు 25.03 ఉండాలి, బిగుతు కోసం. లోపలి రంధ్రం, బుష్ కూర్చున్నాక, 15.05 రావాలి, ఆయిల్ పొర కోసం. ఈ రెండు వృత్తాలకూ కేంద్రం ఒక్కటే కావాలి. కేంద్రాలు 0.10 మి.మీ. తప్పితే డయల్ గేజి ముల్లు ఒక చుట్టులో 0.20 ఊగుతుంది, తప్పుకు రెట్టింపు చూపిస్తుంది. క్లచ్‌ను కప్పే బెల్ హౌసింగ్ రంధ్రానికి సాధారణంగా ఒప్పుకునే ఊపు ఐదు థౌలు, అంటే 0.127 మి.మీ. తల వెంట్రుక మందం 0.07 దాకా ఉంటుంది, ఆ లెక్కన రెండు వెంట్రుకలంత కూడా లేదు. బుష్ దగ్గర అంత కూడా వదలకూడదు. వదిలితే 2000 ఆర్పీఎం వద్ద షాఫ్ట్ ముక్కు సెకనుకు 33 సార్లు పక్కకు నెట్టబడుతుంది. క్లచ్ ప్లేటు పళ్లు అరుగుతాయి, గేర్‌బాక్స్ ముందు బేరింగ్ మోత మొదలెడుతుంది.

ఇంత సన్నని పనికి అరిగిపోయిన లేత్ పనికొస్తుందా? వస్తుంది. గన్ మెటల్ కడ్డీని చక్‌లో ఒకసారి పట్టి, విప్పకుండానే బయట టర్నింగ్, లోపల బోరింగ్ చేసి, చివర కోసేస్తే రెండు వృత్తాలకూ కేంద్రం స్పిండిలే ఇస్తుంది. స్క్రూ అరిగి హ్యాండిల్ మీది గీతలు అబద్ధం చెబితే సైజు తప్పుతుందే తప్ప కేంద్రం తప్పదు. స్పిండిల్ బేరింగులు గట్టిగా ఉంటే చాలు. సగం పని చేసి, ముక్క తిప్పి మూడు దవడల చక్‌లో మళ్లీ పట్టామా, కేంద్రం పోయినట్టే. అప్పుడు నాలుగు దవడల చక్‌లో పెట్టి, ఒక్కో దవడనూ డయల్ చూస్తూ జరుపుకోవాలి. సికింద్రాబాద్‌లో 1943లో పుట్టిన ప్రాగా టూల్స్ చక్‌లు చేసేది. ఆ పేరు ముద్రతో ఉన్న చక్ ఎక్కడైనా కనిపిస్తే నాకు ఇప్పటికీ ముచ్చటే.

సైజు దగ్గర మోసం చేసేది వేడి. గన్ మెటల్‌లో ఎక్కువ పాలు రాగి, మిగతాది తగరం, కాస్త జింకు. డిగ్రీకి మీటరుకు దాదాపు 18 మైక్రాన్లు పెరుగుతుంది. కోత పూర్తయిన బుష్ 80 డిగ్రీల వద్ద ఉండగా మైక్రోమీటర్ పెడితే, షెడ్డులో ఎండ 40 డిగ్రీలున్నా సరే, 25 మి.మీ. మీద 0.018 మి.మీ. ఎక్కువ చూపిస్తుంది. మనకు కావలసిన బిగుతు 0.03. అందులో సగానికి పైగా చల్లారేసరికి మాయం. అందుకే లేత్ దగ్గర కుర్రాడు తొందరపడితే ఉస్తాద్ కసురుతాడు: "ఆగురా, సల్లగైనంక కొలువు!"

అదే వేడి బిగించేటప్పుడు మన పక్షాన పనిచేస్తుంది. బుష్‌ను రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచితే 40 నుంచి మైనస్ 18కి వచ్చేసరికి 0.026 మి.మీ. తగ్గుతుంది, బిగుతు దాదాపు పోతుంది. గుంట ముందు పెట్టి, మెట్టు చెక్కిన కడ్డీ ఆనించి రెండు దెబ్బలేస్తే లోపలికి జారుతుంది. ఆలస్యం చేస్తే మాత్రం వేడెక్కి సగంలో పట్టేస్తుంది. కూర్చున్నాక బయటి నొక్కుడుకు లోపలి రంధ్రం కూడా ముడుచుకుంటుంది, దాదాపు బిగుతు ఉన్నంత. కాబట్టి ముందే 15.08 దాకా బోర్ చేయాలి, లేదా తక్కువ ఉంచి తర్వాత రీమర్ తిప్పాలి.

చట్టం సంగతి కూడా చూడాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. లేత్ దగ్గరికి వెళ్లేముందే ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లడం మేలు.

ఎంత బాగా చేసినా బుష్ ఒకనాడు అరుగుతుంది. గుంటకు వెనక దారి లేదు, పట్టుకుని లాగడానికి అంచూ లేదు. మెకానిక్కులు ఆ గుంటనిండా గ్రీజు కూరి, రంధ్రానికి సరిగ్గా సరిపోయే 15 మి.మీ. కడ్డీ దూర్చి సుత్తితో కొడతారు. గ్రీజు కుదించుకుపోదు, నొక్కుడు అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది. పాస్కల్ చెప్పింది అదే. కడ్డీ మొన వైశాల్యం 1.77 చదరపు సెంటీమీటర్లు, బుష్ వెనక అంచు వైశాల్యం 3.14. అంటే కడ్డీ మీద పడిన దెబ్బకు దాదాపు 1.8 రెట్ల బలం బుష్‌ను వెనకనుంచి తోస్తుంది. నాలుగు దెబ్బలకు, మధ్యలో ఇంకాస్త గ్రీజు కూరుతూ పోతే, బుష్ తనంతట తానే బయటికొస్తుంది.